చుక్కాని చేతికిచ్చిన రోజు

ఈ పుస్తకంలో ఉన్నదంతా ఒక్క రోజు కథ. చీకటి విడవని జులై ఉదయాన మొదలై మర్నాడు తెల్లవారుజామున ముగుస్తుంది. న్యూజిలాండ్‌లో ఆక్లండ్ రేవు దాటగానే పరుచుకునే హౌరాకి గల్ఫ్‌లో, స్పిరిట్ ఆఫ్ న్యూజిలాండ్ అనే మూడు కొయ్యల తెరచాప ఓడ మీద, నలభైమంది బడిపిల్లలు గడిపిన రోజు అది. పది రోజుల ప్రయాణంలో తొమ్మిదోది. ఆ రోజు ఓడను పిల్లల చేతికి అప్పగిస్తారు. కెప్టెన్ను వాళ్ళే ఎన్నుకుంటారు. దారి వాళ్ళే గీస్తారు, తెరచాపలు వాళ్ళే ఎత్తుతారు, లంగరు వాళ్ళే దించుతారు. అసలు కెప్టెన్, ఆయన మనుషులు ఓడ మీదే ఉంటారు. ప్రాణాల మీదికి వస్తే తప్ప కలగజేసుకోరు.

రాసిన అమ్మాయికి పదహారేళ్ళు. కాకినాడ నుంచి వెళ్ళి ఆక్లండ్‌లో స్థిరపడిన కుటుంబం. ఇంట్లో మాట్లాడే తెలుగు, సెలవులకు వచ్చినప్పుడు అమ్మమ్మ దగ్గర కూర్చుని దిద్దుకున్న తెలుగు, ఈ రెండింటితోనే పుస్తకమంతా రాసింది. రాతప్రతిని నాకు పంపింది వాళ్ళ తాతగారు. ఆయనా నేనూ విశాఖ రేవులో కలిసి పనిచేసినవాళ్ళం. బయటి సముద్రం నుంచి ఓడలను లోపలి రేవుకు తెచ్చే పైలట్‌గా నా ఉద్యోగమంతా గడిచింది. "మనవరాలు రాసింది, చదివి నాలుగు ముక్కలు రాసిపెట్టు" అన్నాడాయన. ఆయన మాట కాదనలేక చదవడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆయన వద్దన్నా రాసేటట్టున్నాను.

ఓడ సంగతి కొంచెం చెప్పాలి. లూ ఫిషర్ అనే ఆక్లండ్ వ్యాపారి పూనికతో 1972లో స్పిరిట్ ఆఫ్ అడ్వెంచర్ ట్రస్ట్ ఏర్పడింది. మరుసటి ఏడే దాని మొదటి ఓడ నీళ్ళలోకి దిగింది. ఇప్పుడు తిరుగుతున్నది 1986లో ఉక్కుతో కట్టిన రెండో ఓడ. పొడవు 45 మీటర్ల పైచిలుకు. ముందు కొయ్యకు అడ్డదూలాల మీంచి వేలాడే చదరపు తెరచాపలు, వెనక రెండు కొయ్యలకు ఓడ పొడవునా తిరిగే తెరచాపలు. ఎక్కే పిల్లలకు 15 నుంచి 18 ఏళ్ళ లోపు వయసు, ఆడపిల్లలు సగం, మగపిల్లలు సగం. చాలామంది ఒకరికొకరు కొత్త. ఎక్కగానే ఫోన్లు తీసి పక్కన పెట్టేస్తారు. పొద్దున లేవగానే సముద్రంలోకి దూకడం అక్కడి ఆనవాయితీ. చలికాలమైనా మినహాయింపు లేదు.

పిల్లల్ని ఓడెక్కించి మనుషుల్ని చేయాలన్న ఆలోచనకు యుద్ధం కారణమంటే వింతగా ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధంలో టార్పెడోలు తగిలి బ్రిటిష్ సరుకు ఓడలు వరసగా మునుగుతున్న రోజులవి. లైఫ్‌బోట్లలోకి చేరినవాళ్ళలో వయసు మళ్ళిన నావికులు తట్టుకుంటున్నారని, కండబలమున్న కుర్రవాళ్ళు ముందుగా ప్రాణం విడుస్తున్నారని లివర్‌పూల్ ఓడల యజమాని లారెన్స్ హోల్ట్‌కు అనిపించింది. వాళ్ళలో కొరవడింది తమ మీద తమకు నమ్మకమేనని ఆయన తేల్చుకున్నాడు. హిట్లర్ పాలనలో జైలుపాలై, దేశం విడిచి వచ్చిన ఉపాధ్యాయుడు కర్ట్ హాన్‌తో కలిసి 1941లో వేల్స్ తీరాన అబర్‌డోవీలో ఒక బడి పెట్టించాడు. అక్కడికొచ్చిన కుర్రవాళ్ళంతా నావికులే కావాలని వాళ్ళు అనుకోలేదు. సముద్రం నేర్పేది ఏ బతుకులోనైనా అక్కరకొస్తుందనుకున్నారు. ఈనాడు ఎన్నో దేశాల రేవుల్లో పిల్లల కోసం తిరుగుతున్న తెరచాప ఓడలన్నీ ఆ నమ్మకం మీదే నడుస్తున్నాయి.

ఇక పుస్తకంలోకి వస్తాను. ఆ తొమ్మిదో రోజున ఈ అమ్మాయికి దక్కిన పని దారి చూడటం. రాత్రి కవావు దీవి పక్కన లంగరు వేశారు. పొద్దున బయల్దేరి ఈశాన్యంగా గ్రేట్ బారియర్ దీవిలోని పోర్ట్ ఫిట్జ్‌రాయ్ చేరాలని పిల్లలంతా కూర్చుని నిర్ణయించుకున్నారు. జీపీఎస్ వైపు చూడకూడదన్నది దారి చూసే ముగ్గురూ తమకు తామే పెట్టుకున్న నియమం. అంటే అరగంటకోసారి చేతి దిక్సూచితో తీరం మీది గుర్తులు చూసి, ఓడ ఎక్కడుందో చార్టు మీద పెన్సిలుతో తేల్చుకోవాలి.

ఈ పని ఎలా జరుగుతుందో తెలియనివాళ్ళకు నేను చెబుతాను, ఎందుకంటే పుస్తకంలో అన్నిటికన్నా గొప్ప పేజీలు దీని గురించే. కంటికి కనిపించే మూడు గుర్తులు ఎంచుకుంటాం. కొండ శిఖరం, లైట్‌హౌస్, దీవి కొన, ఏదైనా సరే. ఒక్కోటి ఏ దిక్కున ఉందో దిక్సూచిలో చూసి, చార్టు మీద ఆ గుర్తు నుంచి గీత లాగుతాం. మూడు గీతలూ కలిసిన చోట మనం ఉన్నట్టు. అచ్చంగా ఒక్క చుక్క దగ్గర కలవడం చాలా అరుదు. చిన్న త్రికోణం ఏర్పడుతుంది. అది ఎంత చిన్నగా ఉంటే గుండెకు అంత నిబ్బరం.

ఆమె మూడోసారి గీసిన త్రికోణం అంగుళం దాటింది. లిటిల్ బారియర్ శిఖరం సరిగ్గానే చూశానని తెలుసు. తిరితిరి మతంగి లైట్‌హౌస్ సరిగ్గానే చూశానని తెలుసు. అయినా మూడో గీత ఎక్కడికో పోతోంది. చార్టు మీద చెమట చుక్క పడిందని రాసింది, అక్కడ చలికాలమైన జులైలో. పక్కనే కెప్టెన్ తర్వాతి అధికారి, చీఫ్ మేట్ నిలబడి ఉన్నాడు. ఆమె తలెత్తి ఆయన ముఖం చూసింది. ఆయన సముద్రం చూస్తున్నాడు. తోటి పిల్లవాడు "మధ్యలో చుక్క పెట్టెయ్, సరిపోతుంది" అన్నాడట. పెట్టబోయి ఆగింది. రబ్బరుతో చెరిపేసి, దిక్సూచి పట్టుకుని మళ్ళీ డెక్కు మీదికి పోయింది. పడమటి తీరంలో రెండు కొనలున్నాయి, తకాటు ఒకటి, దానికి ఉత్తరాన కేప్ రాడ్నీ ఒకటి. దూరం నుంచి రెండూ ఒకే నలుపులో కలిసిపోయాయి. ఆమె మొదటిది అనుకుని రెండోదాన్ని చూస్తోంది. కళ్ళు చికిలించి నిదానంగా చూస్తే, వెనకనున్న కొన రంగు కాస్త పలచనగా ఉందట. ఆ పలచదనం పట్టుకుంది. గీత మళ్ళీ గీసింది. త్రికోణం పెసరగింజంత అయింది. చీఫ్ మేట్ అప్పటికీ సముద్రమే చూస్తున్నాడు.

ఈ పేజీలు చదివి ఆ మేట్ ఎవరో తెలియకుండానే ఆయన మీద గౌరవం పెంచుకున్నాను. పక్కనున్నవాళ్ళు తప్పుగా గీత గీస్తే అనుభవమున్న కంటికి తెలియకుండా పోదు. ఒక్క మాట చాలు సరిచేయడానికి. ఆ మాట గొంతులో ఆపుకోవడం ఎంత కష్టమో మా వృత్తిలోవాళ్ళకు బాగా తెలుసు. పైలట్ ఎక్కిన తర్వాత ఓడ నడిపే ఆజ్ఞలు అతనే ఇస్తాడు, ఓడ బాధ్యత మాత్రం కెప్టెన్ దగ్గరే ఉంటుంది. విశాఖ లోపలి రేవు దారి డాల్ఫిన్స్ నోస్ కొండను ఆనుకుని ఇరుగ్గా సాగుతుంది. అంత పెద్ద ఓడ ఆ ఇరుకులోకి తిరుగుతున్నప్పుడు నా పక్కన నిలబడిన కెప్టెన్ల చేతులు చూసేవాణ్ణి. కమ్మీ పట్టుకున్న వేళ్ళు తెల్లబడేవి. పెదవి కదిలేది కాదు. అడిగినదానికి జవాబు చెప్పేవారు, అంతవరకే. తన ఓడను, తన మనుషుల్ని పరాయివాడి మాట మీద వదిలి, కళ్ళు మాత్రం తెరుచుకుని నిలబడటం చాలా పెద్దరికంతో కూడిన పని. పిల్లలతో ఆ పెద్దరికం చూపేవాళ్ళు మన మధ్య ఎందరున్నారు?

మన ఇళ్ళలో పిల్లలకు పనులు చెబుతాం, పని అప్పగించం. పదహారేళ్ళ పిల్లకు మనమిచ్చే పనుల్లో, ఆమె చేయకపోతే ఇల్లు ఆగిపోయేది ఒక్కటీ ఉండదు. చదువొక్కటే ఆమెదంటాం. ఆ చదువులోనూ పరీక్ష తనకోసమే, ర్యాంకు తనకోసమే, పోగొట్టుకున్నా తనదే. ఓడ మీద అలా కుదరదు. చుక్కాని పట్టుకున్న పిల్ల దృష్టి కాస్త చెదిరితే తెరచాపల్లో గాలి తప్పుతుంది, పైన అడ్డదూలం మీద వంగి పనిచేస్తున్న స్నేహితురాలు ఊగిపోతుంది. నా పని మీద ఇంకొకరి క్షేమం ఆనుకుని ఉందన్న ఎరుక ఆ వయసులో ఒక్కసారి ఒంటికి తగిలితే అది పోదు. ఎన్నో దేశాల నావికులతో కలిసి పనిచేసిన అనుభవంతో ఈ మాట అంటున్నాను.

ఆ రోజు పిల్లల కెప్టెన్ గొర్రెల ఫారం నుంచి వచ్చిన కుర్రవాడు. మొదటి రెండు రోజులూ వాంతులతో బక్కెట్ వదల్లేదు. అతన్నే ఎందుకు ఎన్నుకున్నారంటే, ఎవరూ పిలవకుండానే తాడు దగ్గరికి వచ్చేవాడట. ఈ ఒక్క వాక్యం రాసి వదిలేసిందామె. మన ఎన్నికల గురించి ఎన్ని వ్యాసాలు చదివినా నాకింత తృప్తి కలగలేదు.

గాలి ఈశాన్యం నుంచి వీస్తోంది, అంటే వెళ్ళాల్సిన వైపు నుంచే. తెరచాప ఓడ గాలికి ఎదురుగా సూటిగా పోలేదు. కాసేపు కుడికి, కాసేపు ఎడమకు ఏటవాలుగా పోతూ కొద్దికొద్దిగా ముందుకు జరగాలి. ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరిగే ఘడియ గడ్డుది. ముక్కు గాలికి ఎదురైనప్పుడు ఓడలో చాలినంత వేగం లేకపోతే, అక్కడే చచ్చుబడి నిలిచిపోతుంది. కుర్రవాడు వేగం అందకముందే ఆజ్ఞ ఇచ్చాడు. ఓడ సగం తిరిగి ఆగింది. తెరచాపలన్నీ ఒక్కసారి చటచటా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదు. ముందు కొయ్య దగ్గరున్న అమ్మాయి ఏదో అరుస్తోంది. అతను ఎవరినీ తప్పుపట్టకుండా, చేతిసైగతో ఓడను మళ్ళీ పాత పక్కకే పడనిచ్చాడు. వేగం పుంజుకునేదాకా ఈసారి ఓపిక పట్టాడు. పొరపాటు ఎక్కడ జరిగిందో అతనికి ఎవరూ చెప్పలేదు, ఓడే చెప్పింది. రెండోసారి ఓడ నిండుగా తిరిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదట, అందరి చేతుల్లో తాళ్ళున్నాయి.

మధ్యాహ్నానికి ఈ అమ్మాయి లెక్క వేసింది. నాలుగు గంటలు శ్రమపడి నికరంగా జరిగిన దూరం ఎంత, మిగిలింది ఎంత, జులైలో అక్కడ సాయంత్రం అయిదు దాటగానే పొద్దు వాలుతుంది కాబట్టి వెలుగు ఎంతసేపు. రెండుసార్లు వేసింది. ఎలా చూసినా పోర్ట్ ఫిట్జ్‌రాయ్ చేరేసరికి చీకటి. దీవుల మధ్య నుంచి లోపలికి దూరే దారిలో పిల్లలు చీకట్లో పోవడం తగని పని. ఈ లెక్క కెప్టెన్ చేతిలో పెట్టింది. అతను చూసి, "ఖాయమా?" అని ఒక్కసారే అడిగాడు. ఖాయమంది. పొద్దుటి త్రికోణం మధ్యలో చుక్క పెట్టేసి ఉంటే ఈ మాట అనగలిగేదాన్ని కాదని రాసింది. ఓడ వెనక్కి తిప్పారు. కొందరు పిల్లలు అలిగారు, ఒకమ్మాయి ఏడ్చింది. గాలి ఇప్పుడు వెనక నుంచి తోస్తోంది కాబట్టి పొద్దుటి నుంచి ఎదురీదిన దూరమంతా చిటికెలో తిరిగొచ్చి, పొద్దు వాలేలోగా కవావు పక్కనే లంగరు వేశారు.

అనుకున్న చోటికి చేరని రోజును పుస్తకంగా రాయడానికి ధైర్యం ఉండాలి. పది రోజుల్లో చేరిన చోట్లు చాలానే ఉండి ఉంటాయి, డాల్ఫిన్లు కనిపించిన రోజులూ ఉండి ఉంటాయి. వాటిని వదిలి దీన్ని ఎంచుకుంది. సముద్రంలో పనిచేసినవాళ్ళకు తెలుసు, వెనక్కి తిరగాలన్న నిర్ణయం ముందుకు పోవాలన్న నిర్ణయం కన్నా ఎంత బరువో. కొమ్ములు తిరిగిన కెప్టెన్లు కూడా వేళకు ఆ నిర్ణయం చేయలేక ఓడలను పోగొట్టుకున్నారు. ఆ రోజు ఆ పిల్లవాడు అది చేశాడు, లెక్క ఇచ్చింది మన పిల్ల.

మిగిలిన భాగాల గురించి క్లుప్తంగా. చల్లటి నీళ్ళలోకి దూకే ఘట్టం, గిన్నెలు కడిగే వరస, డెక్కు తుడవడం, అన్నీ చురుగ్గా ఉన్నాయి. కొయ్య ఎక్కే ఘట్టాన్ని మాత్రం అరపేజీలో కానిచ్చేసింది. అది నాకు లోటుగా తోచింది, ఎందుకంటే తాడు నిచ్చెనల మీద బతికినవాణ్ణి. కొయ్య పక్కల కట్టిన తాళ్ళ నిచ్చెన ఎక్కేటప్పుడు చేతులు నిలువు తాళ్ళనే పట్టుకోవాలి, కాళ్ళ కింది అడ్డతాళ్ళను పట్టుకోకూడదు. అడ్డతాడు తెగినా నిలువు తాడు నిలబెడుతుంది. పైలట్ నిచ్చెనకూ ఇదే సూత్రం. ఈ మాట ఆమె ఒక చోట అలవోకగా అనేసి వెళ్ళిపోయింది. ఇంకొంచెం ఆగి ఉండాల్సింది. పుస్తకంలో పటం లేకపోవడం ఇంకో లోపం. రెండో ముద్రణలోనైనా గల్ఫ్ పటం, దాని మీద ఆ రోజు ఓడ పోయిన గజిబిజి దారి అచ్చువేయాలని ప్రచురణకర్తలను కోరుతున్నాను.

రాత్రి కాపలా అధ్యాయానికి వంక పెట్టలేను. లంగరు వేసిన ఓడ జారుతోందా లేదా అని ఇద్దరిద్దరు వంతులేసుకుని తెల్లవార్లూ చూడాలి. ఒడ్డు మీది దీపాల దిక్కు మారుతోందా చూస్తారు, లంగరు గొలుసు మీద అరచెయ్యి ఆనించి చూస్తారు. లంగరు నేలను పట్టుకుని ఉంటే గొలుసు నిబ్బరంగా ఉంటుంది, ఈడ్చుకుపోతుంటే ఆ వణుకు చేతికి తెలుస్తుంది. ఆమెతో కాపలా కాసినవాడు మావోరీ కుర్రవాడు. తెల్లవారేముందు తూర్పున ఒక చుక్కల గుంపు లేచింది. అవి మతారికి అని, వాటి రాకతో తమవాళ్ళకు కొత్త ఏడాది మొదలవుతుందని చెప్పాడు. 2022 నుంచి న్యూజిలాండ్‌లో దానికి సెలవు కూడా ఇస్తున్నారు. అమ్మమ్మ మేడ మీద చూపించిన కృత్తికలే అవని ఆమె గుర్తుపట్టింది. ఆ కుర్రవాడి పూర్వీకులు చుక్కల దారి పట్టుకుని, ఏ దిక్సూచీ లేకుండా పసిఫిక్ మహాసముద్రం దాటి ఆ దేశానికి చేరినవాళ్ళు. వాళ్ళ వారసుడి పక్కన కూర్చుని మన పిల్ల లంగరు కాసింది.

అమ్మమ్మ ఈ ప్రయాణానికి ఒప్పుకోలేదట. "సముద్రం మీదికి ఆడపిల్లనా?" అని రెండు వారాలు ఫోన్లో మాట్లాడలేదు. ఆ తల్లి భయాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆమె పుట్టింటివైపు ఊరు కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన, బర్మాకు వేల మందిని పంపిన ఆ రేవును 1839 తుఫాను ఉప్పెన ముంచెత్తింది. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమ ఏమైందో మా తరం కళ్ళారా చూసింది. సముద్రమంటే మనవాళ్ళకున్న భయం శవాలు మోసి నేర్చుకున్న భయం. పిల్లల ఓడలకూ గండాలు తప్పలేదు. 1957లో జర్మన్ శిక్షణ ఓడ పామిర్ తుఫానులో మునిగి, అందులోని 86 మందిలో ఆరుగురే మిగిలారు. 2010లో విద్యార్థులతో వెళ్తున్న కెనడా ఓడ కాంకోర్డియా బ్రెజిల్ తీరానికి దూరంగా తలకిందులైంది. 64 మందీ తెప్పల్లోకి చేరి, దాదాపు రెండు రోజులు సముద్రంలో గడిపి, సరుకు ఓడలు వచ్చి ఎక్కించుకోగా ప్రాణాలతో బయటపడ్డారు. ఇవి తెలిసే పిల్లలను పంపుతున్న దేశాలున్నాయి. 2020 వసంతంలో కోవిడ్ వల్ల విమానాలు ఆగిపోయినప్పుడు, కరీబియన్‌లో ఉన్న డచ్ బడిపిల్లలు వైల్డ్ స్వాన్ అనే తెరచాప ఓడ మీదే అట్లాంటిక్ దాటి ఏప్రిల్‌లో ఇంటికి చేరారు. వాళ్ళ తల్లిదండ్రులు ఒడ్డు మీద కార్లలో కూర్చుని ఎదురుచూశారు.

మనకు భయమొక్కటే వారసత్వం కాదు. రెండు కొయ్యల ఓడను నాణేల మీద ముద్రించిన శాతవాహనులు మనవాళ్ళు. తుఫానుకు ఒడ్డున పడిన ఓడల సరుకు జప్తు చేయనని పరదేశి వర్తకులకు 1244లో మోటుపల్లిలో గణపతిదేవుడు అభయ శాసనం వేయించాడు. ఆ తీరం ఇప్పుడూ ఉంది, వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూగా. మన నౌకాదళానికి తరంగిణి, సుదర్శిని అనే మంచి తెరచాప ఓడలున్నాయి. వాటి మీద నేర్చుకునేది కాబోయే అధికారులు. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద యాట్ క్లబ్ వాళ్ళు పేదింటి పిల్లలకు చిన్న తెరచాప పడవలు నేర్పుతున్నారు. ఆ పిల్లలు జాతీయ పోటీల్లో గెలిచి వస్తున్నారు. సముద్రమే లేని ఊళ్ళో అది సాధ్యమైంది. విశాఖలో, కాకినాడలో, మచిలీపట్నంలో బడిపిల్లల కోసం ఒక్క తెరచాప ఓడ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. డబ్బున్న పెద్దలు ఈ ముందుమాట చదివితే, దయచేసి పుస్తకం కూడా చదవండి.

ఉపాధ్యాయులు దీన్ని తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇవ్వాలి. చార్టు అధ్యాయాన్ని లెక్కల క్లాసులో చదివించవచ్చు. ఊళ్ళో గుడి గోపురం, నీళ్ళ ట్యాంకు, సెల్ టవరు చూసి, ఊరి పటం మీద మూడు గీతలు గీయమంటే చాలు, పిల్లలకు త్రికోణం ఎందుకో తెలుస్తుంది.

ఈ ప్రయాణం చేసినవాళ్ళలో ఇష్టపడినవాళ్ళు తర్వాత కొత్త పిల్లలకు తోడుగా మళ్ళీ ఓడెక్కవచ్చు. వచ్చే ఏడు ఈ అమ్మాయి అలా వెళ్తోందని వాళ్ళ తాతగారు చెప్పారు. అప్పుడు తొమ్మిదో రోజున ఆమె చేతికి పెన్సిలు ఉండదు. ఇంకెవరో పదిహేనేళ్ళ పిల్ల తప్పుడు కొన చూసి గీత గీస్తుంటే, పక్కన నోరు మూసుకుని నిలబడాల్సింది తనే. అమ్మా, ఆ పూట నీకు ఎలా గడిచిందో కూడా రాసి పంపు. చదవడానికి ఎదురుచూస్తూ ఉంటాను.

విశాఖపట్నం